ముఖ్య సలహాదారు వెంకటరత్నం

అమూల్యకి సోమవారం పదకొండింటికి ఇంటర్వ్యూ. రాయ్‌పూర్‌లోనే ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ ఫెలో పోస్టు, ఉన్నది ఒక్కటే, అదీ ఆమె ఎమ్మెస్సీ మొదటి ఏడాది నుంచి కలవరిస్తున్న వైరస్ మీద. దాని పేరు హెచ్‌టీఎల్‌వీ-1, మనిషికి క్యాన్సర్ తెప్పించగల రెట్రోవైరస్. ఈ పోస్టు రాకపోతే జూన్ నుంచి బాబాయి కోచింగ్ సెంటర్లో పదో తరగతి పిల్లలకి కప్ప గుండెకాయ బొమ్మ వేయించాలి. ఆ మాట ఇంట్లో ఖాయమైపోయింది.

శనివారం పొద్దున్నే నోట్సు ముందేసుకుని కూర్చుంటే నాన్న చిన్నారావు వచ్చి, నిరుటి ఉగాది కార్డొకటి సరిగ్గా ఆ నోట్సు మీదే పెట్టాడు. ఆయన రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరు, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వాళ్ళ నాలుగు వీధుల ఉగాది కమిటీకి ఈ ఏడు కార్యదర్శి.

"అమ్మలూ, ఇది యోగేష్ ప్రెస్సుకి తీసుకెళ్ళి డేటు మార్పించీ. ఆడి దగ్గర ఫైలున్నాది. మూడొందలు కొట్టమను."

"నానా, సోమవారం నాకు ఇంటర్వ్యూ."

"సోమారం గదా. ఇయాల శనివారం. నువ్వు కాక ఈ కాలనీలో తెలుగు చదవడం ఇంకెవులికొచ్చు, సెప్పు."

అదీ నిజమే. కాలనీలో అందరూ తెలుగులో మాట్లాడతారు, తెలుగులో తిట్టుకుంటారు, బడి మాత్రం హిందీ, ఇంగ్లీషు. కార్యదర్శిగారికే అక్షరాలు రావు. అమూల్యకి నేర్పింది నాయనమ్మ బంగారమ్మ, అదీ కళ్ళు ఆనక రాశిఫలాలు చదివించుకునే స్వార్థంతో. ప్రెస్సు యోగేష్ ఛత్తీస్‌గఢీ మనిషి, ఆయనకి తెలుగంటే గుండ్రాలు. ఏటేటా కొత్త కార్యదర్శి పాత కార్డు తెస్తాడు, యోగేష్ అంకెలు మారుస్తాడు, మిగతాది దేవుడి దయ.

ప్రెస్సులో కంప్యూటర్ తెర మీద కార్డు చదువుతూ అమూల్య ఆగింది. ముఖ్య సలహాదారు శ్రీ వెంకటరత్నం. కింద మహిళా విభాగానికీ సలహాదారు శ్రీ వెంకటరత్నం. ఆటల పోటీలకీ ఆయనే. పిల్లల విభాగానికీ ఆయనే.

"భయ్యా, ఈ వెంకటరత్నం ఎవరు?" అని హిందీలో అడిగింది.

"నాకేం తెలుసు దీదీ. నాలుగు చోట్లా ఉంటే దేవుడి మంత్రమేమో అనుకున్నా. కొత్త విభాగం పెట్టినప్పుడల్లా పైనున్న ముక్కని కాపీ కొట్టి కింద అతికించమన్నారు, అతికించాను."

నాన్నకి ఫోన్ చేసింది. "ఎవులో పెద్దమనిషై ఉంటాడు," అన్నాడు. పక్కనుంచి బంగారమ్మ అందుకుంది: "మీ తాత ఉన్నప్పుడే ఉన్నాది ఆ పేరు. మనిషిని మాత్రం నేను సూడనేదు."

అమూల్య ఫోన్ పెట్టేసి, స్టూలు మీద కూలబడి, తల పట్టుకుంది. తన నోట్సంతా తప్పు. హెచ్ఐవీ లాగే ఇది కూడా కొత్త కొత్త వైరస్‌లని కుప్పలుగా తయారుచేస్తుంది, ఆ తయారీకి మందు అడ్డం పెడితే అయిపోయింది అని రాసుకుంది. కానీ ఇది వెంకటరత్నంలా బతుకుతుంది. ఒక్కసారి తెల్లరక్తకణంలో దూరుతుంది, తన ఆర్ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది, ఆ రాతని మన డీఎన్‌ఏలో కుట్టేసుకుంటుంది. ఆ తర్వాత దానికి పెద్దగా పనేమీ ఉండదు. అప్పుడప్పుడు పక్క కణానికి అంటుకుని అందులోకి జారుతుంది, అంతే. మిగతా రోజుల్లో ఆ కణాన్ని విడిపోమని ఎగదోస్తుంది. కణం రెండైతే రాతా రెండవుతుంది. కాపీ కొట్టేది వైరస్ కాదు, ఆ కణమనే యోగేష్. తిరగరాసే ఎంజైముకి మందు వేయడమంటే కొత్త పేర్లు చేర్చొద్దని ప్రెస్సుకి బోర్డు పెట్టడమే. ఉన్న పేరుని ఆ బోర్డు ఏం చేస్తుంది?

ఆ సంతోషంలో, ఆ ఊపులో, ఎవరినీ అడక్కుండా నాలుగు చోట్లా వెంకటరత్నాన్ని కొట్టేయించింది. చికిత్స ఐదు నిమిషాల్లో పూర్తయింది. ఆదివారం కార్డులన్నీ పంచేశారు. రివాజు ప్రకారం ఒకటి పక్క ఊరు తిల్దాలో రైస్ మిల్లుకి రైల్లో వెళ్ళింది, ఎందుకంటే ఉగాది పులిహోరకి బియ్యం ఏటా అక్కణ్ణుంచే వస్తాయి.

సోమవారం ఎనిమిదింటికి చిన్నారావు ఫోన్ మోగింది. ఆయన స్పీకర్లో పెట్టాడు.

"బాబూ, నేను వెంకటరత్నాన్ని. తిల్దా మిల్లులో గుమాస్తాని. నేను పోయాననుకున్నారేటి మీరంతా?"

చిన్నారావు కూతురి వైపు చూశాడు. కూతురు పాలగిన్నె వైపు చూసింది.

"బియ్యం మిల్లు ఓనరు గారు పంపుతారనుకున్నాం బావుగారూ," అన్నాడు చిన్నారావు.

"ఆయనెందుకు పంపుతాడు? నేనే పంపుతున్నాను, ఇరవైరెండేళ్ళై. పులిహోరకి పాత బియ్యం వాడండని ఒకప్పుడు సలహా ఇచ్చాను, ఆ ముక్కకే నా పేరేశారు. పేరున్నాది గదా అని పంపుతున్నాను. ఇప్పుడు నేదు. సరే, కానియ్యండి."

ఫోన్ పెట్టేశాడు.

"నీ పుణ్యాన ఈ ఉగాదికి పచ్చడొక్కటే తిందురు," అంది బంగారమ్మ.

"పెద్దాయన ఏటి చెడగొట్టాడని తీసీసినావే?" అన్నాడు చిన్నారావు. "ఊరికే కూకున్నాడు. కూకోనీ."

వైరస్ ఎవరికీ బియ్యం పంపదు, పోలిక అక్కడ కుంటుతుంది అని అమూల్య మనసులో అనుకుంది కానీ ఆ పూట అది పైకి అనే మాట కాదు.

పదకొండుంపావుకి ముగ్గురి ముందు కూర్చుంది. మధ్యలో డాక్టర్ ఫణిశ్రీ, కళ్ళజోడు మీదనుంచి చూసే రకం. తిరగరాతని ఆపే మందు ఒక్కటే వేస్తే ఈ వైరస్ ఎందుకు పోదు అని అడిగింది. అమూల్య ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. మందు కొత్త కణాల్లోకి దూరకుండా ఆపుతుంది, పాత కణం విడిపోవడాన్ని ఆపదు. అందుకే ల్యుకేమియా వచ్చాక రకాన్ని బట్టి ఏజెడ్‌టీతో ఇంటర్‌ఫెరాన్ కలపడం, కీమో, ఆ కణాల్నే గుర్తుపట్టి చంపే యాంటీబాడీ, కుదిరితే మూలకణాల మార్పిడి. వెంకటరత్నం పేరు మాత్రం ఎత్తలేదు.

"బాగుంది. ఏ జబ్బూ లేని మనిషిలో ఈ వైరస్ కనబడింది. ఏ మందు మొదలుపెడతావు?"

నోట్సులో ఆ పేజీలో మందుల జాబితా ఉంది, ఎర్ర సిరాతో గీతలు కూడా ఉన్నాయి. నోటిదాకా వచ్చింది. కూకోనీ అన్న మాట అడ్డం పడింది.

"ఏమీ ఇవ్వను మేడం."

"ఊరికే కూర్చుంటావా?"

"నూటికి తొంభై ఐదుమందికి అది జన్మంతా క్యాన్సర్ తేదు మేడం. మందులకి దుష్ఫలితాలు ఖాయం, లాభం ఖాయం కాదు. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయిస్తాను. రక్తదానం చేయొద్దంటాను. బాలింత అయితే పాల ద్వారా బిడ్డకి వెళ్తుందని చెప్పి వేరే ఏర్పాటు చూస్తాను. మనిషిని మాత్రం కదపను."

ఫణిశ్రీ ఏదో రాసుకుంది. అది మంచో చెడో కళ్ళజోడు చెప్పలేదు.

బయట చిన్నారావు స్కూటర్ మీద, చేతిలో మళ్ళీ కొట్టించిన, తడి ఆరని కార్డుతో ఉన్నాడు. వెంకటరత్నంగారు నాలుగు చోట్లకీ తిరిగొచ్చారు. ఆయన కింద కొత్తగా ఒక వంకర వరస: శాస్త్ర సలహాదారు కుమారి అమూల్య, వైరస్ శాస్త్రవేత్త. బంగారమ్మ కాగితం మీద రాస్తే, యోగేష్ దాన్ని స్కాన్ చేసి అతికించాడు. నాలుగు చోట్లా.

"నానా, రిజల్టు రాలేదు. రాకపోతే?"

"రాకపోతే మాత్రం, కార్డు మీద ఉన్నాది గదా. ఎవులు తీస్తారు?"

రెండు రాత్రులు ఆమెకి సరిగ్గా నిద్ర లేదు. కునుకు పడితే చాలు, కోచింగ్ సెంటర్లో కప్ప గుండెకాయ వేయిస్తూ, కాలనీకి ఏటేటా శాస్త్రవేత్తగా అచ్చవుతూ ముసలిదైపోయినట్టు కల.

బుధవారం ఫణిశ్రీ ఫోన్ చేసింది. "వచ్చే నెల ఒకటిన చేరు. తొమ్మిదిమందిలో ఏమీ ఇవ్వనన్నది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళు ఆ ఆరోగ్యవంతుణ్ణి చంపేశారు."

అమూల్య చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూనే ప్రెస్సుకి పరిగెత్తింది. చేరబోయేది ఫెలోగా, శాస్త్రవేత్త అని వేస్తే ల్యాబ్‌లో నవ్వుతారు, ఆ మాటైనా తీయించాలి.

"మళ్ళీ తీసేయాలా దీదీ?" అన్నాడు యోగేష్ మౌస్ మీద చెయ్యేసి.

ఆమె తెర వైపు చూసింది. వెంకటరత్నంగారి కింద నాయనమ్మ వణుకు అక్షరాలు. ఒకటా రెండా, నాలుగు చోట్ల.

"ఉండనీ," అంది. "చూద్దాం."

"మంచిది. ఫైలు సేవ్ చేశా. ఇంక మీరు రానక్కర్లేదు, వచ్చే ఏడు డేటొక్కటే."