అక్క వేలికి చేసిన ఉంగరం

నేను ఒక ఇనుప ఉంగరాన్ని. బంగారాన్ని కాను, రాయి పొదిగినదాన్నీ కాను. తుప్పు పట్టి, ఒక పక్క విరిగి, ఇప్పుడు ఒక ప్రదర్శనశాల గాజు పెట్టెలో పడి ఉన్నాను. నన్ను చూసి "ఇంతేనా" అనుకుని పక్క పెట్టె దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. పోనీండి. ఒకచోట కుదురుగా ఉండే యోగం నాకు మొదటి నుంచీ లేదు.

రోము నగరంలో, నది ఒడ్డున ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. మా వాళ్ళకు నిశ్చయతాంబూలాలు లేవు, ఇనుప ఉంగరమే. వరుడు పంపిన ఉంగరం పిల్ల ఎడమచేతి వేలికి తొడిగితే సంబంధం ఖాయమైనట్టు. ఆ వేలి నుంచి ఒక నరం తిన్నగా గుండెకు పోతుందని పెద్దలు చెప్పేవారు. ఉండవచ్చు. ఆ గుండెను అడిగి తొడిగినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

నన్ను కొన్నది తురానియస్ అనే నూనె వర్తకుడు. మొదటి భార్య పోయినవాడు, ముప్పై దాటినవాడు. నన్ను తొడిగింది ఓర్బియస్ గారి పెద్ద కూతురికి. ఆ పిల్ల పేరు ఓర్బియా. ఆమె చెల్లెలి పేరూ ఓర్బియాయే. నవ్వకండి. రోమను తండ్రి కొడుకుకైతే వరసగా మూడు పేర్లు తగిలిస్తాడు, కూతురికి ఇంటిపేరే పేరు చేసి ఊరుకుంటాడు. ఎందరు పుడితే అందరికీ అదే. ఇంట్లో పెద్దది, చిన్నది అని పిలుచుకునేవారు.

పెద్దది నన్ను ఇష్టంగానే పెట్టుకుంది. బొమ్మకు తల దువ్వుతూ "నాకు పెళ్ళి కుదిరిందే" అని నన్ను చూపించేది. ఆ చలికాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. చితికి పంపే ముందు తల్లి కోమినియా నన్ను ఆ వేలి నుంచి లాగింది. రాలేదు. నూనె రాసి తీసింది. అప్పుడు ఆమె ఏడవలేదు. ఏడుపంతా తర్వాత, మగ్గం దగ్గర.

మైల తీరాక తురానియస్ వచ్చాడు. నన్ను వెనక్కి తీసుకుపోతాడనుకున్నాను.

"మామగారూ, మీరు ఏమని మాటిచ్చారు? 'నా కూతురు ఓర్బియాను ఇస్తాను' అనే కదా," అన్నాడు. "దేవతల దయవల్ల మీకింకా ఓర్బియా ఉంది."

మాట తప్పినవాడనిపించుకోవడం ఓర్బియస్ గారికి చావుతో సమానం. "నిజమే, మాట మార్చుకోవాల్సిన పనే లేదు," అన్నారు. పిల్లలిద్దరికీ ఒకే పేరుండటం ఇంత సదుపాయమని నాకు అప్పుడే తెలిసింది.

"నేను అక్కను కాను నాన్నా," అంది చిన్నది.

"అక్కవని ఎవరన్నారమ్మా? చెయ్యి ఇలా పెట్టు."

ఆమెకు నేను వదులు. తల్లి నాకు ఉన్నిదారం చుట్టి బిగించింది. అప్పటి నుంచి నాకూ ఆ పిల్లకూ మనశ్శాంతి లేదు. ఉన్ని వడుకుతూ నన్ను తిప్పేది, రొట్టె తింటూ తిప్పేది, నిద్రలోనూ తిప్పేది. ఒకసారి పిండిలో జారాను, ఒకసారి ఉన్నిబుట్టలో. జారినప్పుడల్లా ముసలి దాది అపశకునమని గుండెలు బాదుకునేది. తురానియస్ వస్తూ అక్రోట్లు తెచ్చేవాడు, "నీకివంటే ప్రాణం కదా" అనేవాడు. ప్రాణం పెద్దదానికి. చిన్నదానికి అవి తింటే నాలుక దురద.

అతను చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. వరుడి నడత చెడ్డదైతే తప్ప కూతురు కాదనడానికి లేదు. నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే, నోరు తెరిస్తే వినేవాడు లేడు. చచ్చిపోయిన అక్క బతుకు తను బతకాలి, అంతే.

పెళ్ళిరోజు వచ్చింది. ఆచారం ప్రకారం ఈటె మొనతో పాపిట తీసి జుట్టు ఆరు పాయలు అల్లారు. ఆడుకునే బొమ్మను ఇంటి దేవతల ముందు పెట్టించారు. నిప్పురంగు మేలిముసుగు కప్పారు. ఆ ముసుగు చాటున ఆ పిల్ల నా ఉన్నిదారాన్ని పళ్ళతో కొరికేసింది.

శకునాలు చూసే పెద్దమనిషి ముందు పందిని బలి ఇస్తున్నారు. మా వాళ్ళ భక్తిలో ఒక తమాషా ఉంది. అపశకునం కనిపిస్తే పెళ్ళి ఆగాలి. ఎవరూ చూడకపోతే, వినకపోతే అది అపశకునమే కాదు. అందుకని బలి జరిగినంతసేపూ పిల్లనగ్రోవి ఆపకుండా ఊదిస్తారు. దేవతల్ని పిలిచేదీ వీళ్ళే, వాళ్ళ మాట చెవిన పడకుండా చూసుకునేదీ వీళ్ళే.

నేను జారానో, ఆ పిల్ల జార్చిందో అడగకండి. ఇద్దరికీ కావాల్సింది అదే. రాతిపలకల మీద దొర్లి కోమినియా పాదాల దగ్గర ఆగాను. ఆగానో లేదో ఆమె చెప్పు నా మీద పడింది.

పిల్లనగ్రోవి సాగుతూనే ఉంది. చెప్పు కింద నాకు ఊపిరాడలేదు. ఆమె బరువంతా ఆ పాదం మీదే వేసింది. ఒక బిడ్డను చితికి పంపిన తల్లి, రెండోదాన్ని పరువుగా అత్తింటి గడప దాటించాలనుకుంది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"అమ్మా, కాలు తియ్యి," అంది చిన్నది ముసుగులోంచి.

తియ్యలేదు.

"అది అక్కదమ్మా."

పాదం లేచింది. శకునాలాయన చూపు నేల మీద పడింది. ఊదేవాడు ఆపేశాడు. ఓర్బియస్ గారు గొంతు సవరించుకుని, "నేనేమీ చూడలేదు," అన్నారు. మా దగ్గర అది చాలు. ఇంటి యజమాని చూడలేదంటే ఇల్లంతా చూడనట్టే.

కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో కోమినియా భర్త మాటకు ఎదురు చెప్పి ఎరగదు.

"నేను చూశాను," అంది.

పెళ్ళి ఆగిపోయింది. సంబంధం వద్దని తురానియస్ కబురు పంపాడు. నన్ను మాత్రం తిరిగి అడగలేదు, అపశకునపు ఇనుము ఎవరికి కావాలి? ఓర్బియస్ గారు చాలా రోజులు భార్యతో మాట్లాడలేదు. చిన్నదానికి తర్వాత ఎవరితో పెళ్ళయిందో, ఎలా బతికిందో నాకు తెలియదు. తల్లీకూతుళ్ళు నన్ను ఊరి వెలుపల సమాధుల దగ్గరికి తీసుకుపోయి పెద్దదాని అస్థికల కుండ మూత తీశారు. చిన్నది నన్ను లోపల వేసింది. తల్లి మూత పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, కుండలోకి వంగింది.

"నీ ఉంగరం నీకిచ్చేశానక్కా," అంది. "పేరు ఇద్దరం ఉంచుకుందాం."