పేరయ్య మేడ నీడ

చిలకలూరిపేట దాటాక హైవేని ఆనుకుని ఉన్న ఆ చిన్న టౌనులో, పొద్దున్నే జిన్నింగు మిల్లు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మున్సిపాలిటీ బాలవాడికి వచ్చేవాళ్లు. టీచరు షారోన్ ఒక్కొక్కరినీ అందుకుని, ముక్కు తుడిచి, చాప మీద కూర్చోబెట్టేది. తల్లులు పనిలోకి వెళ్లిపోయేవాళ్లు. ఊళ్లో వసూలయ్యే ఇంటి పన్నుతోనే ఆ పిల్లల పాలు, గుడ్లు, షారోన్ జీతం నడిచేవి.

నడిచేవి అనడమే గాని, కుంటేవి. పన్ను కట్టేది రేకుల ఇళ్లవాళ్లు. మేడలవాళ్లకి అంత తీరిక ఉండేది కాదు. అన్నిటికన్నా పెద్ద మేడ బాలవాడికి ఎదురుగా, రోడ్డుకి అవతల. అది మిల్లు యజమాని పేరయ్యది. గుడికి వెండి తలుపులు చేయించి, వాటి మీద తన పేరు దేవుడి పేరుకన్నా పెద్దగా చెక్కించిన మనిషి. పన్ను మాత్రం మేడ లేచినప్పట్నుంచీ కట్టలేదు. బిల్లు కలెక్టరు అడగడానికొస్తే, "ఎవరో కన్న పిల్లలకి నేనెందుకయ్యా గుడ్లు పెట్టాలి?" అన్నాడు. ఆ కన్నవాళ్లు తన మిల్లులో పత్తి ఏరేవాళ్లేనని ఆయనకి తట్టలేదు. తట్టే చోటు ఆ బుర్రలో లేదు.

ఏప్రిల్లో గాలివానకి బాలవాడి పైకప్పు రేకులు లేచిపోయాయి. షారోన్ ఆఫీసుకెళ్తే డబ్బుల్లేవన్నారు. కౌన్సిలర్లు వచ్చి మొండిగోడల ముందు ఫొటో దిగి వెళ్లారు. ఎండలు ముదిరాయి. ఓ రోజు రెండేళ్ల అర్ఫా సొమ్మసిల్లి పడిపోయింది. తల్లి ఖైరున్నీసా మిల్లు నుంచి పరుగెత్తుకొచ్చి, రేపట్నుంచి పిల్లని తనతోనే తీసుకెళ్తానంది. ఆ దూది ధూళిలో పెద్దవాళ్లకే ఊపిరాడదని షారోన్ బతిమాలింది.

"మరి ఎండలో చంపుకోమంటావా టీచరమ్మా?" అంది ఖైరున్నీసా.



మర్నాడు పేరయ్య మేడ నీడ రోడ్డు దాటి వచ్చి బాలవాడి మీద పడుకుంది. పొద్దు ఎటు తిరిగినా అది కదల్లేదు. మిట్టమధ్యాహ్నం కూడా అలాగే చిక్కగా, చల్లగా ఉంది. మిరపకాయల లారీలు దాన్ని తొక్కుకుంటూ పోయాయి. ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు. ఆటోవాళ్లు ఇద్దరు ముగ్గురు బళ్లు తెచ్చి గోడ పక్కన పెట్టుకున్నారు, అంతే. ఖైరున్నీసా నీడని అరచేత్తో తడిమి చూసి, అర్ఫాని చాప మీద దింపి పనికెళ్లింది.

పేరయ్యకీ వింతనిపించలేదు. నష్టమనిపించింది. తన నీడ వాడుకుంటున్నందుకు అద్దె ఇవ్వాలని మున్సిపాలిటీకి నోటీసు పంపాడు. నీడ లేని మేడకి పన్ను మాఫీ చేయాలని అర్జీ కూడా పెట్టాడు. అధికారులు నవ్వకుండా రెండూ తీసుకుని, పరిశీలిస్తామన్నారు.

ఈలోగా మేడ పెనంలా కాలింది. ఏసీలు ఒకదాని తర్వాత ఒకటి మాడిపోయాయి. కోడలు హారిక కొడుకు ఏడాదిన్నర కౌశిక్‌కి ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. ఏడ్చి ఏడ్చి వాడు పాలు కూడా మానేశాడు. ఓ మధ్యాహ్నం హారిక వాణ్ణి భుజాన వేసుకుని రోడ్డు దాటింది. షారోన్ అర్ఫా పక్కన కాస్త చోటు చేసింది. పిల్లాడు వెంటనే నిద్రపోయాడు.

సంగతి తెలిసి పేరయ్య ఊగిపోతూ వచ్చాడు. ఆయన అడుగేసిన చోటల్లా నీడ పక్కకి తప్పుకుంది. ఎర్రటెండలో నిలబడి, కూలోళ్ల పిల్లల మధ్య తన మనవడేమిటని, లేచి రమ్మని కోడలిని గద్దించాడు.

హారిక లేవలేదు. "మావయ్యగారూ, ఆ మేడ నా పేరు మీదే ఉంది కదండీ?" అంది.

ఇన్‌కమ్‌టాక్సు వాళ్ల కళ్లు గప్పడానికి ఆయనే అలా రాయించాడు. కింది అంతస్తు అద్దె కూడా ఆమె ఖాతాలోనే పడేది. సంతకం కావలసినప్పుడు తప్ప ఆ పిల్లకి ఓ పేరుందని ఆయనకి గుర్తుండేది కాదు.

మర్నాడు హారిక మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి పాత బాకీ మొత్తం కట్టేసింది. సారుకి చెప్పారా అని గుమాస్తా నసిగాడు. "మేడ నాదండి," అందామె.

తర్వాత మిగతా మేడలవాళ్లూ వరసగా కట్టారు. మంచితనం పుట్టుకొచ్చి కాదు, తమ నీడలెక్కడ లేచిపోతాయోనని. వానలు మొదలయ్యేలోగా బాలవాడికి శ్లాబు పడింది. నీడ మేడకి తిరిగొచ్చింది, పేరయ్య ఉన్నచోటు ఒక్కటి మినహాయించి.

ఇప్పుడాయన సొంత హాల్లో గొడుగేసుకుని కూర్చుంటాడు. పనిమీద వచ్చినవాళ్లు గొడుగు సంగతి ఎత్తరు. కౌశిక్ మాత్రం ఆ గొడుగు కిందికి ఎంత పిలిచినా రాడు. పొద్దున్నే చెప్పులేసుకుని, అర్ఫా కోసం గుమ్మంలో నిలబడి ఉంటాడు.