ఎర్రదారంతో కుట్టిన పేరు

తడి దుప్పటి కొసలు చెరోవైపు పట్టుకుని, గట్టిగా ఒక్క విదిలింపు విదిలించి, ముడత లేకుండా లాగి, ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు నోటికి అందించాలి. అందించిన వెంటనే వేళ్ళు వెనక్కి తీసేసుకోవాలి. తీసుకోకపోతే ఏమవుతుందో అబ్బీ ఎడమచేతి చిటికెనవేలు చూస్తే తెలుస్తుంది. దానికి గోరుండదు, కొస నున్నగా మెరుస్తుంటుంది. ఆ ఉదయం అప్పటికి నూట పదో దుప్పటో, నూట ఇరవయ్యోదో అయింది. ఇటు కొస అబ్బీది, అటు కొస ఐవీది. పదకొండేళ్ళుగా అంతే.

అబ్బీ యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, వెడల్పాటి భుజాలు, ఆవిరికి ఎప్పుడూ ఎర్రగా ఉండే ముఖం. నిలబడి నిలబడి చీలమండలు వాచిపోతే గుడ్డపట్టీలు చుట్టుకుని, పైన మగవాళ్ళ బూట్లు వేసుకునేది. ఛాతీలో నొప్పని కిందటి వారమే పక్క భవనంలో డాక్టరుకి చూపించుకుంది. "పని తగ్గించమ్మా" అన్నాడాయన. "దుప్పట్లతో చెప్పండి" అందావిడ.

అబ్బీ అన్నది ఆవిడ పేరు కాదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు గొబ్నెట్. ఐర్లండులోని కార్క్ కొండల్లో, బల్లివోర్నీలో, ఆ పేరుగల పునీతురాలి సమాధి ఉంది. తేనెటీగల్ని కాచిన తల్లి. అక్కడ ఏ వీధిలో నిలబడి "గొబ్నెట్!" అని పిలిచినా మూడు కిటికీలు తెరుచుకుంటాయి. పందొమ్మిది వందల నలభై ఏడులో మొగుడితో, రెండేళ్ళ కొడుకుతో బర్మింగ్‌హామ్‌లో దిగి, ఈ ఆసుపత్రి లాండ్రీలో చేరిన రోజున అప్పటి మేస్త్రమ్మ జాబితాలో పేరు చూసి పెదవి విరిచింది. "ఇదేం పేరు, గొంతులో ఎముక అడ్డంపడ్డట్టు! అబ్బీ చాలు." అయిపోయింది. బట్టల మీద తొడుక్కునే నీలం గౌను గుండెల మీద ఎర్రదారంతో 'అబ్బీ' అని కుట్టి చేతిలో పెట్టారు. కుక్కపిల్లకి పేరు పెట్టడానికైనా కాసేపు ఆలోచిస్తారే! కనీసం ఈ కథలోనైనా ఆవిడని ఆవిడ పేరుతో పిలుద్దాం.

గొబ్నెట్ అప్పుడేమీ అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఏమీ అనలేదు. కిందటి నవంబరులో ఐరిష్ వాళ్ళు పెట్టారన్న బాంబులు ఈ ఊరి పబ్బుల్లో పేలి, తాగి కబుర్లాడుకుంటున్న పడుచు పిల్లలు చచ్చిపోయినప్పుడు ఆవిడ రెండు రాత్రులు ఏడ్చింది. మూడోరోజు పనికొస్తే ఆవిడ టీ కప్పు చెత్తడబ్బాలో ఉంది. ఎవరు పడేశారో ఎవరూ చెప్పలేదు. కప్పు తీసి, కడుక్కుని, అందులోనే తాగింది. అప్పట్నుంచి బస్సెక్కడం మానేసింది. నోరు తెరిస్తే యాస బయటపడుతుంది. రెండు మైళ్ళు నడిచి వస్తుంది, నడిచి పోతుంది, వాచిన కాళ్ళతో.

అదంతా మింగింది. మింగలేనిది ఒకటి మిగిలింది, మనవరాలి పేరు.

కొడుకు డోనల్‌కి జనవరి ఒకటిన రెండో ఆడపిల్ల పుట్టింది. వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. మొదటి కూతురికి తల్లివైపు అమ్మమ్మ పేరు, రెండో కూతురికి తండ్రివైపు నాన్నమ్మ పేరు. పెద్దపిల్ల ఊనాకి కోడలి తల్లి పేరే పెట్టారు. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి. మా కాలంలో మూడోరోజుకల్లా నెత్తిన జ్ఞానస్నానం నీళ్ళు పడేవి అని గొబ్నెట్ గొణుగుతూనే ఉంది. నలభై ఒక్క రోజులైంది. నీళ్ళూ లేవు, పేరూ లేదు. "పాప", "పాప" అంటూ నెట్టుకొస్తున్నారు. ప్రభుత్వం వాళ్ళ పుస్తకంలో రాయించడానికి నలభై రెండు రోజులు గడువు. రేపటితో సరి.

పైగా ఆ రోజు ఫిబ్రవరి పదకొండు, పునీత గొబ్నెట్ పండుగ. బల్లివోర్నీలో ఉన్న చెల్లెలు ఏటా ఆ రోజున గుడిలో చెక్కవిగ్రహం పక్కన రిబ్బను పరిచి, తల నుంచి పాదాల దాకా కొలిచి, కత్తిరించి, కవరులో పెట్టి పంపుతుంది. ఆ రిబ్బను చుడితే గొంతునొప్పి పోతుంది, జ్వరం దిగుతుంది, బిడ్డకి దిష్టి తగలదు. కిందటేడాది నీలం రిబ్బను గొబ్నెట్ గౌను జేబులో ఉంది. పాప తోపుడుబండికి కట్టాలని తెచ్చింది.

మధ్యాహ్నం రొట్టె తినే వేళకి డోనల్ గేటు దగ్గరికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, కార్ల కర్మాగారంలో పని. అక్కడ అతని పేరు డాన్. తోపుడుబండిలో పాప నిద్రపోతోంది.

"పేరు రాయించడానికే బయల్దేరానమ్మా" అన్నాడు, బండి చక్రం వైపు చూస్తూ. "నువ్వు కోపం తెచ్చుకోనంటే చెబుతా. కారెన్ అనుకుంటున్నాం."

"కారెనా? ఎవర్రా ఆవిడ? మన చుట్టమా, పక్కమా?"

"చుట్టం కాదు కాబట్టేనమ్మా. ఎవరూ రెండోసారి తిరిగి చూడని పేరు కావాలి."

"నా పేరు పెట్టమని నేనడిగానట్రా?"

"అడగలేదు. అడక్కపోవడమే నన్ను చంపుతోంది." "మొన్న ఊనా బడి నుంచి వచ్చింది. కోటు వెనక సుద్దతో బాంబు బొమ్మ గీశారమ్మా, వీపంతా. అదేమో పువ్వనుకుంది. అయిదేళ్ళ పిల్ల! పేరు పిలవగానే తెలిసిపోతోంది ఎక్కడివాళ్ళమో. ఈ పిల్లకీ అదే గతి పట్టించనా?"

గొబ్నెట్ వంగి పాప నెత్తిన టోపీ సర్దింది. పువ్వనుకుందన్న మాట గుండెల్లో గుచ్చుకుంది.

తల్లి మెత్తబడిందనుకున్నాడు డోనల్. "పోనీ, మనదిగానూ ఉంటుంది, వీళ్ళకీ నోరు తిరుగుతుంది, కాలీన్ అని పెట్టనా?"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "కాలీన్ అంటే మన భాషలో పిల్ల అని కదురా! పిల్లకి పిల్ల అని పేరేమిటి? దూడకి దూడ అని పెట్టినట్టు! బల్లివోర్నీలో ఎవడైనా వింటే పొట్ట పట్టుకుని నవ్వుతాడు. పెడితే కారెనే పెట్టు. అది సూటిగా పరాయి పేరు. ఇది మనల్ని మనమే వెక్కిరించుకోవడం."

"అమ్మా..."

"భయపడి మానుకుంటే మానుకో, నీ బిడ్డ, నీ భయం, నేనర్థం చేసుకోగలను. సిగ్గుపడి మానుకోకు. మనమేం తప్పు చేశాం? మీ నాన్న వీళ్ళ సొరంగం తవ్వుతూ మట్టికింద పోయాడు. నేను వీళ్ళ రక్తపు దుప్పట్లు ఉతికాను. మనం తలవంచుకుని తిరగాల్సిన పని ఏం చేశామో చెప్పు!"

జేబులోంచి రిబ్బను తీసి బండి పిడికి కట్టబోయింది. డోనల్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దమ్మా. దారిలో ఎవరైనా ఇదేమిటని అడుగుతారు." రిబ్బను మడిచి మళ్ళీ ఆవిడ జేబులోనే పెట్టాడు. కోరింత దగ్గుతో నీలంగా మారిన రెండేళ్ళ డోనల్ మెడకి వారంరోజులు చుట్టి ఉంచింది అలాంటి రిబ్బనే. వాడికేం గుర్తుంటుంది!

గొబ్నెట్ లోపలికొచ్చింది. రొట్టె ముట్టలేదు. చిరుగులు కుట్టే బల్ల మీంచి సూదీ, ఎర్రదారం ఉండా తెచ్చుకుని, గౌను విప్పి ఒళ్ళో పెట్టుకుని, ఇరవై ఎనిమిదేళ్ళ పేరుని కత్తెర కొసతో కుట్టుకుట్టుగా ఊడబెరికింది. ఆ తర్వాత అక్షరం వెనక అక్షరం కుట్టడం మొదలుపెట్టింది. తొందరలో కుట్లు వంకర పోయాయి.

ఐవీ పక్కన కూర్చుని చూసింది. జమైకా మనిషి, నల్లగా, పొడుగ్గా ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు. "ఏమిటది?" అంది.

"నా పేరు. గొబ్నెట్."

ఐవీ రెండుసార్లు నెమ్మదిగా పలికి చూసింది. సరిగ్గానే వచ్చింది. తర్వాత తన గౌను మీది కుట్టు చూపిస్తూ అంది, "నా పేరు ఐసిల్డా. ఐవీ కూడా వీళ్ళు పెట్టిందే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్ళు ఒకే దుప్పటికి చెరో కొస పట్టుకున్నారు, ఒకరి పేరొకరికి తెలీదు! ముందు ఐసిల్డా నవ్వింది. తర్వాత గొబ్నెట్ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

గంట మోగింది. "దారం తెంపుకోలేదు" అంది ఐసిల్డా. "సాయంత్రం తెంపుతాలే" అని గొబ్నెట్ సూది తీసి బల్లమీద గుచ్చి, గౌను తొడుక్కుంది.

మేస్త్రమ్మ మిసెస్ ప్రాట్ చూడనే చూసింది. "ఏమిటిది అబ్బీ?"

"నా పేరండి."

"గౌన్లు ఉతికి పంచేది పేర్లని బట్టి. ఈ పేరు జాబితాలో లేదు. నీ గౌను నీకు తిరిగి రాదు."

"అయితే జాబితా మార్చుకోండి."

మిసెస్ ప్రాట్ ముఖం కందగడ్డ అయింది. "ఈ రోజుల్లో, మీవాళ్ళు చేసినదాని తర్వాత, ఇలాంటివి గుండెలమీద వేసుకు తిరగడానికి నీకు సిగ్గు లేదూ?"

"లేదండి" అంది గొబ్నెట్, దుప్పటి కొస అందుకుంటూ. "ఉండాల్సింది నాకు కాదు."

ఆ మధ్యాహ్నం దుప్పట్లు ఎప్పటికంటే వేగంగా నడిచాయి. విదిలించడం, లాగడం, అందించడం. అయిదు కావస్తుండగా ఐసిల్డా లాగిన కొసకి అవతల పట్టు తగల్లేదు. చూస్తే గొబ్నెట్ తెల్లదుప్పట్ల బండికి ఆనుకుని కింద కూర్చుని ఉంది. కాళ్ళనొప్పికి అలా కూర్చోవడం అలవాటే. "గొబ్నెట్!" అని పిలిచింది. ఆ చోట ఆ పేరు పిలవడం అదే మొదటిసారి. పలకలేదు. దుప్పటి కొస ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

కిందటి వారం చూసిన డాక్టరే వచ్చి గుండె ఆగిందని కాగితం రాసిచ్చాడు. ఐసిల్డా గౌనుని కాగితంలో చుట్టి, ఎన్నడూ వెళ్ళని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, డోనల్ చేతిలో పెట్టింది. "ఈరోజే కుట్టుకుంది, బాబూ" అంది. డోనల్ ఆ మధ్యాహ్నం పేరు రాయించలేకపోయాడు. ఆఫీసు మెట్లదాకా వెళ్ళి, ఎక్కకుండా తిరిగొచ్చేశాడు. గౌను విప్పి చూశాడు. జేబులో నీలం రిబ్బను. గుండెల మీద వంకర కుట్లు.

మర్నాడు ఉదయం అదే ఆఫీసులో, గుమాస్తా బల్ల ముందు కూర్చున్నాడు. పక్కన తోపుడుబండి.

"చనిపోయినవారి పేరు?" అడిగాడు గుమాస్తా.

డోనల్ చెప్పాడు. గుమాస్తాకి అర్థం కాలేదు. డోనల్ ఒక్కో అక్షరమే, తొందర లేకుండా, పక్క బల్లలకి వినపడేలా చెప్పాడు. ఈ దేశపు కాగితం మీద ఆవిడ పేరు ఇరవై ఎనిమిదేళ్ళకి పూర్తిగా పడింది, అదీ చావు పుస్తకంలో.

గుమాస్తా ఇంకో పుస్తకం తీశాడు. "ఇప్పుడు బిడ్డ పేరు."

"అదే."

"చనిపోయినవారిది కాదండీ. పుట్టినవారిది అడుగుతున్నాను."

"వినపడింది. అదే పేరు. ఇంకోసారి రాయండి."

రాయించుకుని బయటికొచ్చాడు. బండి పిడికి రిబ్బను కట్టాడు. చలిగాలికి పాప కాళ్ళు తన్నుకుంటుంటే, కాగితంలోంచి నీలం గౌను తీసి కప్పాడు. దానిమీద ఎర్రదారపు పేరు, చివరి అక్షరం దగ్గర తెంపకుండా వదిలేసిన బెత్తెడు దారం.