ఎనిమిది వేల కె

నేను ఒక హెడ్‌లైట్ బల్బును. జీపుకు ఎడమవైపు వెలిగింది ఒకే ఒక్క పొద్దు. ఆ పొద్దున నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. నన్ను తయారు చేసినవాళ్లూ అమ్మినవాళ్లూ సిగ్గుపడలేదు కనుక, ఆ పనేదో నేనే చేస్తున్నాను.

పుట్టినప్పుడు నేనూ అన్ని బల్బుల్లాంటిదాన్నే. లోపల సన్నని తీగ, చుట్టూ గాజు, వెలిగిస్తే లేత పసుపు వెలుగు. ఆ పసుపు ఫ్యాక్టరీవాళ్ల కంటికి ఆనలేదు. నా గాజుకు నీలం పూత పూశారు. ఆరాక చూసుకుంటే నా వెలుగు తెల్లబడింది, అంచుల్లో నీలం తేలింది. వెలుగులో కొంత ఆ పూతే మింగేసింది కూడా. మింగిన సంగతి మాత్రం డబ్బా మీద ఎక్కడా రాయలేదు. దూకుతున్న చిరుతపులి బొమ్మ వేసి, దాని కింద ఇంత లావు అక్షరాలతో 8000K అని అచ్చేశారు.

ఆ అంకె నా బలం కాదు, నా రంగు. మూడు వేలంటే పసుపు, ఆరు వేలంటే తెలుపు, ఎనిమిది వేలంటే నీలి తెలుపు. అంకె పెరిగితే రంగు మారుతుంది, వెలుగు పెరగదు. ఈ ముక్క చెప్పడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. కానీ అంకె చూడగానే పెద్దదే కావాలనిపించే జాతి మనుషులది.

నర్సీపట్నంలో వరహాలబాబు స్పేర్‌పార్ట్స్ దుకాణంలో నేనూ నా జతా ఎనిమిది నెలలు దుమ్ము తిన్నాం. మమ్మల్ని కొన్నవాడు నూకరాజు. తెల్లారకముందే నర్సీపట్నంలో మనుషుల్ని ఎక్కించుకుని, లంబసింగి మీదుగా చింతపల్లికి సర్వీసు జీపు తోలతాడు. చలికాలంలో ఆ దారి నిండా మంచు. ముందువారం మంచులోంచి ఒక దూడ అడ్డొస్తే వెంట్రుకవాసిలో తప్పించాడట. ఆ భయంతోనే వచ్చాడు. సోకు కోసం వచ్చినవాడైతే నాకింత బాధ ఉండేది కాదు.

"ఇప్పుడేటున్నాయి బండికి?" అన్నాడు వరహాలబాబు.

"పచ్చలైట్లు. మూడు వేలని రాసుంటాది."

"మూడు వేలేటన్నయ్యా, ముసిలోళ్ల లైట్లు! ఇయి సూడు, ఎనిమిది వేలు."

నూకరాజు డబ్బా తిప్పి చూశాడు. "అంకె పక్కన ఈ కె ఏటి?"

వరహాలబాబుకు తెలియదు. తెలియదని చెబితే దుకాణం మూతపడుతుందన్నట్టు, క్షణం కూడా తడుముకోకుండా అన్నాడు: "కెపాసిటీ."

అంతే. ఆ సాయంత్రమే పసుపు వెలుగిచ్చే ఆ పచ్చలైట్లను ఊడదీసి మమ్మల్ని బిగించారు. బిగించిన మెకానిక్ నా గాజును గుడ్డతో పట్టుకున్నాడు. ఉత్త వేళ్లతో ముట్టుకుంటే ఆ జిడ్డు అంటినచోట వేడికి గాజు పగులుతుందట. అంత జాగ్రత్త తెలిసినవాడు కూడా, ఈ వెలుగు మంచుకు పనికిరాదని ఒక్క మాట అనలేదు. అతన్ని ఎవరూ అడగలేదు మరి. పాతవాటిని మా ఖాళీ డబ్బాలో వేసి డ్యాష్‌బోర్డులో పెట్టారు.

మర్నాడు చింతపల్లి సంత. నర్సీపట్నంలో బయలుదేరి ఘాట్ చేరేదాకా నేను బ్రహ్మాండంగా ఉన్నాను. తారురోడ్డు తళతళలాడింది. ముందు సీట్లో కూర్చున్న గౌరీశంకరం మాస్టారు "పెళ్లిపందిరిలా ఉందయ్యా" అని మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయాను. అది నా జీవితంలో అందుకున్న ఒకే ఒక్క మెప్పు.

ఘాట్ ఎక్కి లంబసింగి దాటేసరికి మంచు కమ్మింది. నేను వేసిన తెలుపంతా మంచు తెలుపుకు తగిలి వెనక్కొచ్చి నూకరాజు కళ్లలోనే పడింది. రోడ్డు పోయింది, అంచు పోయింది. ఎదురుగా సున్నం కొట్టిన గోడ ఒక్కటే మిగిలింది. నూకరాజు బండిని నడక వేగానికి దించి, తల బయటపెట్టి తోలాడు.

"ఆపకూడదా కాసేపు?" అన్నారు మాస్టారు.

"ముందు మలుపులో మా అప్ప ఉంటాది మాస్టారూ. చలిలో కూకునుంటాది. దాన్నెక్కించుకుని ఆపుతాను."

అప్ప అంటే అక్క, కానీ తోడబుట్టింది కాదు. పాంగి దైమతి. ఆరేళ్లుగా ప్రతి సంతరోజూ ఆ మలుపులో పసుపు మూట మీద కూర్చుని ఈ జీపు కోసమే ఎదురుచూసే మనిషి. తిరుగు ప్రయాణంలో నూకరాజు భోజనం వేళ దాటితే తన సంచిలోంచి చోడి అంబలి తీసి పోసే మనిషి. ఆమెకోసం అతను మలుపులో ఎడమకు, రోడ్డు అంచుదాకా ఒరిగి బండి ఆపుతాడు. పచ్చలైటు కనబడగానే ఆమె లేచి, మూట పక్కకు జరిపి నిలబడుతుంది. ఆరేళ్లలో ఇద్దరూ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు నూకరాజు అలవాటు ప్రకారం ఎడమకు ఒరిగాడు. ఆమె మాత్రం లేవలేదు.

నేనున్న వైపే తగిలింది. నా ముందు అద్దం పగిలింది. నేను పగల్లేదు, వెలుగుతూనే ఉన్నాను. నా వెలుగులో మొదటిసారి ఏదైనా స్పష్టంగా కనిపించిందంటే అప్పుడే, రెండడుగుల దూరంలో నలిగిపోయిన ఆమె కాలు.

నూకరాజు దూకాడు. చినిగిన మూటలోంచి రోడ్డంతా పసుపు కొమ్ములు. పక్కనే చిన్న సంచిలో కొట్టిన పసుపు ఉంటే గుప్పెళ్లతో తీసి గాయం మీద అదిమాడు. తువ్వాలు చింపి కట్టాడు. "అప్పా, ఏటే ఇది, ఎందుకు లెగనేదే నువ్వు!" అని ఏడుస్తూ అరిచాడు.

ఆమె పళ్లు కరుచుకుని అంది: "పచ్చలైటు కాదు గదా బావూ. మంచు సూడ్డానికొచ్చే కార్లకే తెల్లలైట్లుంటాయి. అయ్యి ఆగవు గదా. నాకోసం కాదని కూకున్నాను."

నూకరాజు ఆమెను జీపులో పడుకోబెట్టి వచ్చి, పగిలిన అద్దంలోకి చెయ్యి పెట్టి నన్ను పీకేశాడు. కాలుతున్నా వదల్లేదు. పసుపూ నెత్తురూ అంటిన వేళ్లు నా గాజు మీద పడ్డాయి. తర్వాత రెండోదాన్నీ పీకి, డ్యాష్‌బోర్డులో ఉన్న పచ్చలైట్లు తగిలించి ఆసుపత్రికి తోలాడు. పగిలిన దీపంలో, చలిగాలికి ఊగుతూ కూడా, ఆ ముసలి పసుపు అతనికి రోడ్డంచు చూపించింది.

కాలు మోకాలి కింద తీసేశారు. నూకరాజు తనంతట తానే స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పాడు. నేను డ్యాష్‌బోర్డులో ఆ చిరుతపులి డబ్బాలో పడి ఉండి అన్నీ వింటున్నాను. ఒకరోజు ఆ కె గురించి నూకరాజు చెప్పింది విని గౌరీశంకరం మాస్టారు డబ్బా తీసి కళ్లజోడు సవరించుకున్నారు.

"కెపాసిటీ ఏమిటయ్యా, నీ మొహం. ఇది కెల్విన్. రంగుకు కొలత."

ఆ మధ్యాహ్నమే నూకరాజు దుకాణానికి వెళ్లి డబ్బాను బల్ల మీద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"వరహాలూ, కె అంటే రంగంటరా. మా అప్పకి కాలు పోయింది. ఇంకెవులికీ కెపాసిటీ అని సెప్పకు." అంతే అని వెళ్లిపోయాడు.

వరహాలబాబు ముఖం మాడిపోయింది. చాలాసేపు డబ్బాను ముట్టుకోలేదు. ఆ వారమంతా ఎవరికీ బల్బులు అమ్మలేదు. మారాడేమోనని నేను ఆశపడ్డాను, వెర్రిదాన్ని కనుక.

ఇవాళ మమ్మల్ని బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. నెత్తురు పోయింది. పసుపు మాత్రం నా మెడ దగ్గరి రేకు మీద వేలెడంత అలాగే ఉండిపోయింది. నూకరాజు వేళ్లు పడ్డచోట గాజు ఏదో ఒకరోజు పగలక తప్పదు. అది ఎవరి బండిలోనో, ఏ మలుపులోనో నాకు తెలియదు.

ఇప్పుడు బల్లకు అవతల ఒకాయన నిలబడి నన్ను తిప్పి చూస్తున్నాడు. రేపు పిల్లల్ని మంచు చూపించడానికి పైకి తీసుకెళుతున్నాడట.

"ఈ పచ్చమరక ఏంటండీ?"

"గొడౌన్లో అంటింది సార్. ఎలుగు తెల్లగానే ఉంటాది."

"మరి ఈ కె అంటే?"

వరహాలబాబు నోరు తెరిచాడు. నా వైపు, ఆ మరక వైపు చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని చెప్పాడు.

"కెపాసిటీ సార్."