లాండ్రీ గది చీటీలు

టోర్వాల్డ్ పోయిన పదహారో రోజున గున్నెల్ అద్దె ఇళ్ల ఆఫీసుకు వెళ్లింది. స్వీడన్‌లోని యెవ్లె ఊళ్లో వాళ్లుండే ఫ్లాట్ అతని పేరు మీద ఉంది. పదకొండేళ్లుగా ఆమె కాపురం అక్కడే. తాను అతని సాంబోనని, అంటే పెళ్లి కాకపోయినా కలిసి కాపురమున్న తోడునని, ఫ్లాట్ తన పేరుకు మార్చమని కాగితం పెట్టుకుంది.

లీనస్ అనే ఉద్యోగి కంప్యూటర్‌లో చూశాడు.

“మీ అడ్రస్ సోడర్‌హామ్న్ అని ఉందండీ.”

“అది మా అమ్మ ఇల్లు. రేవులో పడవ కట్టుకునే చోటు ఆ ఊరివాళ్లకే ఇస్తారు. తొమ్మిదేళ్లు క్యూలో ఉన్నాం. అందుకే మార్చలేదు.”

“మరి సాంబో అంటే... ‘సమ్మన్’ అంటే కలిసి, ‘బో’ అంటే కాపురముండటం. వేరే ఇళ్లలో ఉండేవాళ్లని సేర్‌బో అంటాం. రికార్డు ప్రకారం మీరు అదే.”

“నాకు స్వీడిష్ నేర్పుతున్నావా బాబూ? ఆ మాట వాడుకలోకొచ్చేసరికి నువ్వింకా పుట్టలేదు.”

“కలిసున్నట్టు రుజువు తెండి. పదో తేదీలోగా.”

కరెంటు బిల్లు, తలుపు మీద పేరు, ఇంటికొచ్చే పేపరు అన్నీ టోర్వాల్డ్ పేరు మీదే ఉన్నాయి. ఫొటోలు చూపితే, చుట్టాలు కూడా ఫొటోలు దిగుతారన్నాడు లీనస్.

ఆ భవనంలో అందరికీ ఒకటే లాండ్రీ గది. కింది అంతస్తు సోల్‌వెయ్ పదకొండేళ్లుగా అందులో గున్నెల్‌ని తప్పుపడుతూ గోడకు చీటీలు అంటిస్తోంది. గున్నెల్ వాటిని చింపేస్తోంది. ఇప్పుడు వెళ్లి ఆమె బెల్లు నొక్కింది.

“ఏం, డ్రయ్యర్ జాలీలో మళ్లీ బట్టల నూగు వదిలావా?”

“నేనిక్కడే ఉంటున్నానని రాసివ్వాలి, సోల్‌వెయ్.”

“నువ్వు లేకపోతే ఆ నూగు ఎవరిదంట?”

సోల్‌వెయ్ లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చింది. అంటించే ముందు ప్రతి చీటీకీ నకలు తీసి పెట్టుకుంది. నూట నలభై మూడు ఉన్నాయి. ‘గున్నెల్, మూడో అంతస్తు. జాలీ శుభ్రం చేయలేదు.’ ప్రతిదాని మీదా తారీఖు ఉంది. మొదటిది పదకొండేళ్ల కిందటి మార్చిది.

“ఇవన్నీ నన్ను తిట్టినవేగా!”

“తీసుకెళ్లు. కానీ ఆ నూగు నీదేనని సంతకం పెట్టాలి.”

“నాది కాదు. ఆయన ఉన్ని మేజోళ్లది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?”

“అయితే అదే రాయి.”

గున్నెల్ సోల్‌వెయ్ వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని రాసింది: ‘నూగు టోర్వాల్డ్ మేజోళ్లది. ఉతికింది నేను.’

సోల్‌వెయ్ చదివి కాగితం వెనక్కి తోసింది.

“తారీఖు వెయ్.”