గేటు కాడ నూకరత్నం

"సేతులెత్తు. తిరుగు. పో."

సాయంత్రం పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న కాపలామనిషి నూకరత్నం ఒక్కొక్కరి కొప్పు విప్పి, బొడ్డు దగ్గర తడిమి, కుచ్చిళ్ల అంచు నొక్కి చూసి వదులుతోంది. పప్పు ఎక్కడెక్కడ దాగుతుందో ఆ చేతులకు తెలుసు. తోటి ఆడదాన్ని దొంగలా తడిమే మనిషి ఎవరికి నచ్చుతుంది? ఆమె పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు లేరు.

మొగుడు గున్నయ్య కాళ్లు వాచినప్పుడు కొబ్బరిచెట్లు ఎక్కీ ఎక్కీ వాచాయనుకుంది. కిడ్నీలని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది, మనిషి దక్కలేదు. ఆ బాధ ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు. అప్పటినుంచి కుచ్చిళ్లు వెతికే చెయ్యి చీలమండ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. వేలితో నొక్కినచోట గుంట నిలిచిపోతే పరీక్ష చేయించుకోమని చెవిలో చెబుతుంది. ఈ పాడు ఉద్యోగం వదలకపోవడానికి కారణం అదొక్కటే.

ఈరోజు రూప కాలి మీద గుంట నిలిచిపోయింది. పాతికేళ్లు నిండని పిల్ల.

"ఒలే, రేపు రత్తపరీచ్చకెల్లు. ఆలీసం సెయ్యకు."

రూప కాలు వెనక్కి లాక్కుంది. "రాజులమ్మొదిన్నీ ఇలాగే పంపినావు. జబ్బుమనిసని పన్లోంచి తీసేసినారు. నాకూ అదే సేత్తావేటి?"

"నా నోటంట రాదు. ఎల్లు."

అనుమానం పెనుభూతం అంటారు. ఆ గేటు దగ్గర అది నెలజీతం తీసుకుని మరీ తిరుగుతుంది. సూపర్‌వైజర్ వైకుంఠరావు వాళ్లు గుసగుసలాడుకోవడం చూశాడు. రూపను ఆపి ఇంకో ఆమెచేత వెతికించాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అతని అనుమానం ఇంకా పెరిగింది.

"దొంగసేతికే తాళాలిచ్చినాం! దాని కాలికాడ ఏటి సేసినావో సెప్పు. నేదంటే రేపట్నించి రాకు."

నిజం చెబితే పిల్ల పని పోతుంది. రూప గేటవతల నిలబడి, ఇప్పుడు చెప్పేస్తుందన్నట్టు ఆమె నోటివంకే చూస్తోంది.

"అయితే ఎల్తాను బాబూ," అంది నూకరత్నం, చొక్కా గుండీలు విప్పుతూ.

రోడ్డెక్కి నడుస్తుంటే రూప వెనకే వచ్చింది. బస్టాండు దగ్గర నూకరత్నం కొంగు పట్టుకుంది.

"పిన్నీ, రేపు నాతో ఆసుపత్రికొత్తావేటి? బయమేత్తంది."

నూకరత్నానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఎందుకు రానే? రేపు నాకేటి పనుంది?"

గేటు దగ్గర మేకుకు ఆమె ఖాకీ చొక్కా వేలాడుతోంది. దాని చేతులు మోచేతుల దాకా మడిచే ఉన్నాయి.