పరీక్ష గది తాళాలు

అందరూ మామా అని పిలిచే పాత మెకానిక్కును స్ట్రెచర్ మీద బయటికి తెచ్చేలోపే పరీక్ష గది నేల కడగడం మొదలుపెట్టారు.

"ముందు మనిషిని ఆసుపత్రికి పంపండయ్యా!" అని అరిచింది ఫిట్టరక్క.

"నేల ఆరాలి. రేపు మంత్రిగారొస్తున్నారు" అన్నాడు మేనేజరు, స్ట్రెచర్ వైపు చూడకుండా.

ఆ గదిలో పరీక్షించేది ఏళ్ల తరబడి తయారవుతూనే ఉన్న విమానం ఇంజను. పూర్తి వేగం అందుకున్న ప్రతిసారీ లోపలి రెక్కలు పగులుతున్నాయి. ఈసారి విరిగిన ముక్క పైరేకును చీల్చుకొచ్చి మామ తొడలో దిగింది. నూనె కారుతోందేమో చూడమని, ఇంజను తిరుగుతుండగానే ఆయన్ని లోపల నిలబెట్టారు. పగుళ్ల సంగతి ఇంజనీర్లకు తెలుసు, మేనేజరుకు తెలుసు. అయినా అదే రకం రెక్కలతో ఇంకో ఇంజనును బిగించారు. మంత్రి కళ్లముందు అది తిరిగితేనే సర్కారు సాయం.

సాయంత్రం క్యాంటీన్లో అందరూ గుమిగూడారు.

"సాయం ఆగితే ఫ్యాక్టరీ మూసేస్తారు" అన్నాడు యూనియన్ పెద్దన్న. "క్వార్టర్లు ఖాళీ చెయ్యమంటారు. పిల్లల్ని చంకనేసుకుని ఎక్కడికి పోదాం?"

"తిప్పితే చస్తాం, తిప్పకపోతే పస్తుంటాం. బానే ఉంది బేరం!" అన్నాడు వెల్డరు. "ఇన్నేళ్లు సాయం అందిందిగా, రెక్కలు మార్చారా? మేనేజరు కార్లు మార్చాడు."

నవ్వులు లేచి, అంతలోనే అణిగిపోయాయి.

"రేపు లోపల నిలబడేదెవరు?" అడిగింది ఫిట్టరక్క.

"నేనేనక్కా" అన్నాడు ఆమె తమ్ముడు. "పక్కన మనిషుంటే ఇంజను మంచిదని నమ్ముతారట. కెమెరాలు కూడా వస్తున్నాయి."

"బాగా నవ్వరా. చివరి ఫొటో అదే" అన్నాడు వెల్డరు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఫిట్టరక్క తమ్ముడి వైపు తిరిగింది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ తనే.

"తాళం వేసి వెళ్లు" అంది.

అది అక్కడి కట్టుబాటు. పరీక్ష గదిలోకి వెళ్లే మనిషి తన సొంత తాళం స్టార్టు లీవరుకు వేసి, తాళంచెవి తన వెంట తీసుకెళ్లాలి. బయటికొచ్చి తానే తీసుకునేదాకా ఆ లీవరు కదలదు. ఇన్నేళ్లలో ఒకరి తాళం ఇంకొకరు ముట్టుకున్నది లేదు. ఈరోజు మామను మాత్రం మేనేజరు తాళం వేయనివ్వలేదు.

"ఒక్క తాళాన్ని కోసి పారేస్తారు" అన్నాడు పెద్దన్న.

"ఒక్కటే ఎందుకుంటుంది?" అంది ఫిట్టరక్క.

మర్నాడు మందపాటి అద్దం వెనక మంత్రి కూర్చున్నాడు. తమ్ముడు లీవరుకు తాళం వేశాడు. వెనకే అక్క వేసింది. ఆ వెనక వెల్డరు, క్రేన్ డ్రైవరు, నేల కడిగిన స్వీపరమ్మ... తాళం వేసినవాళ్లు వేసినట్టే లోపలికెళ్లి ఇంజను చుట్టూ నిలబడ్డారు.

"బయటికి రండి! దేశం పరువు తీస్తున్నారు!" మైకులో మేనేజరు గొంతు చిరిగింది.

"మామ తొడలో దిగింది కూడా దేశం పరువేనా సార్?" అంది ఫిట్టరక్క. "సర్కారు సాయం వద్దనట్లేదు. దాంతో రెక్కలు మార్చండి. మామకు వైద్యం చేయించండి. లోపల మనిషుండగా ఇంజను తిప్పబోమని రాసివ్వండి."

జవాబుగా ఉక్కు తలుపు బయటినుంచి మూసుకుంది. లోపలికి గాలి పంపే ఫ్యాను ఆగింది. కిరోసిన్ వాసన గొంతులో కూర్చుంది.

"అక్కా, ఊపిరాడట్లేదు" అన్నాడు తమ్ముడు.

"నా చెయ్యి పట్టుకో."

అంతదాకా అద్దం అవతల నిలబడ్డ పెద్దన్న ఇప్పుడు కనబడలేదు.

"జారుకున్నాడు చూశావా?" వెల్డరు పళ్లు కొరికాడు. ఆమె తమ్ముడి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

పోలీసులు తాళాలన్నీ కోసి, లోపలివాళ్లను ఒక్కొక్కరినే ఈడ్చుకొచ్చి వ్యానులో కుక్కారు. వ్యాను గేటు దాకా వెళ్లి ఆగిపోయింది.

గేటు కమ్మీల నిండా తాళాలు వేలాడుతున్నాయి. అవతల రోడ్డంతా రెండో షిఫ్టు జనం. ముందు పెద్దన్న.

"ఎవడి తాళాలురా ఇవి? తియ్!" అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"లోపల మావాళ్లున్నారు సార్" అన్నాడు పెద్దన్న. "వాళ్లను దించండి. వాళ్లు నడిచి బయటికొచ్చాక, ఎవరి తాళం వాళ్లం తీసుకుంటాం."

వ్యాను వెనక మంత్రి కారు హారన్ మోగింది. మళ్లీ మోగింది. గేటు ముందు ఒక్కరూ కదల్లేదు.